శనివారం రాత్రి మాఫియా: ఆటల్ని మెట్లుగా పేర్చే పని ఎంతవరకు వచ్చిందంటే

జూన్ మొదట్లో

మా డిస్కార్డ్ (గుంపుగా మాట్లాడుకునే యాప్) గ్రూపులో శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఆట మొదలు. హైదరాబాద్, విజయవాడ వాళ్ళకి భోంచేసి కూర్చునే టైము, లండన్‌లో ఉన్న అక్కకి సాయంత్రం నాలుగు, న్యూజెర్సీ వాళ్ళకి పొద్దున్న పదకొండు. వచ్చేవాళ్ళలో కజిన్స్ ఉన్నారు, ఇంజనీరింగ్ బ్యాచ్ ఉంది, ఆఫీసు జూనియర్లు ఉన్నారు, యాభై దాటిన బాబాయి కూడా ఉన్నాడు. ఆడేవన్నీ ఒకే జాతి ఆటలు. మాఫియా, అమాంగ్ అస్, స్పైఫాల్, అవలాన్, సీక్రెట్ హిట్లర్. కొందరికి అసలు విషయం తెలుసు, మిగతావాళ్ళకి తెలియదు, మాటల్లో పట్టుకోవాలి.

ఇబ్బందల్లా ఒకటే. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక ఆట ఆడి మళ్ళీ కనబడరు. పాతవాళ్ళేమో "మళ్ళీ మాఫియానేనా?" అని మూలుగుతారు. అందుకని మా దగ్గరున్న ఆటలన్నిటినీ తేలిక నుంచి కష్టం దాకా నాలుగు మెట్లుగా ఒక షీట్లో పేర్చి, ఆ రోజు ఎవరొచ్చారో చూసి ఏం ఆడాలో చెప్పగలిగేలా చెయ్యాలని ఈ పని పెట్టుకున్నా.

షీట్లో మొదటి కాలమ్‌లు ఎవరైనా పెట్టేవే. రూల్స్ చెప్పడానికి పట్టే టైము, పాత్రల సంఖ్య, ఎంతమంది ఆడొచ్చు. వీటి ప్రకారం సార్ట్ కొడితే అన్నిటికంటే పైన వచ్చింది ఉత్త మాఫియా. అంటే పోలీసూ డాక్టరూ లేకుండా, మాఫియా, మామూలు జనం, అంతే. 1980ల్లో మాస్కో విశ్వవిద్యాలయంలో దిమిత్రీ దావిదోవ్ అనే సైకాలజీ విద్యార్థి మొదలుపెట్టిన ఆట ఇది. దీన్నే 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ తోడేళ్ళ కథగా మార్చి వేర్‌వుల్ఫ్ చేశాడు. రాత్రి మాఫియా రహస్యంగా ఒకరిని చంపుతుంది, పగలు అందరూ మాట్లాడుకుని ఓటేసి ఒకరిని బయటికి పంపుతారు. రూల్స్ రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు.

ఇంత తేలిక ఆట కదా అని జూనియర్లతో ఆడించి చూశా. పగలు మొదలైంది. ఎవరూ మాట్లాడరు. కాసేపటికి ఒకడు "నువ్వెందుకు సైలెంట్‌గా ఉన్నావ్?" అన్నాడు. అవతలివాడు "నువ్వు మాత్రం ఎందుకంత ఎక్కువ మాట్లాడుతున్నావ్?" అన్నాడు. ఆ రెండు వాక్యాల మీదే ఓటింగ్ అయిపోయింది. ఎవరి చేతిలోనూ సమాచారం లేదు, ఇక దేని గురించి మాట్లాడతారు? తర్వాతి ఆటలో పోలీసునీ డాక్టర్నీ కలిపా. పోలీసు రాత్రికొకరు మాఫియానో కాదో చెక్ చేస్తాడు, డాక్టరు ఒకర్ని కాపాడతాడు. రూల్స్ పెరిగాయి, కానీ నోళ్ళు లేచాయి. "నేను పోలీసుని, రాత్రి ఫలానావాడిని చెక్ చేశా" అని ఒకడన్నాడంటే చాలు, నమ్మాలా వద్దా అన్నదాని మీద ఇరవై నిమిషాలు గడుస్తుంది.

కాబట్టి రూల్స్ పొడవు కాలమ్‌ని పక్కకి జరిపా. దాని స్థానంలో కొత్త ప్రశ్న: మాట్లాడటానికి సరుకు ఆటే ఇస్తుందా, ఆడేవాడే పుట్టించుకోవాలా?

జూన్ మధ్యలో: ఎంతమంది అన్న లెక్క

ఆటకి ఎంతమందైనా రావచ్చు అని రాసుకోవడం సులువు. కానీ మాఫియాలో ఒక్క మనిషి ఎక్కువైతే ఆట స్వభావమే మారిపోతుంది. ఎక్సెల్‌లో వేసి చూస్తే నాకే విడ్డూరంగా అనిపించింది.

ఐదుగురు ఆడుతున్నారు, మాఫియా ఒకరు, ఆట పగటితో మొదలు, ప్రతి పగలూ ఎవరో ఒకరు పోవాల్సిందే అనుకుందాం. ఎవరికీ ఏమీ తెలియక గుడ్డిగా ఓటేస్తే మొదటి పగలే మాఫియా దొరికే అవకాశం 5లో 1. దొరక్కపోతే, రాత్రి ఇంకొకరు పోయి ముగ్గురు మిగులుతారు, అక్కడ 3లో 1. రెండూ కలిపితే ఊరు, అంటే మామూలు జనం పక్షం, గెలిచే అవకాశం 15లో 7, దాదాపు 47 శాతం. ఇప్పుడు ఊరి తరఫున ఆరో మనిషి వచ్చాడు. బలం పెరగాలి కదా? తగ్గుతుంది. మొదటి పగలు 6లో 1, రెండో పగలు 4లో 1, ఆ తర్వాత రాత్రికి ఇద్దరే మిగిలి మాఫియా గెలిచేస్తుంది. మొత్తం 37.5 శాతం. ఆరో మనిషి వల్ల ఓటేసే పగళ్ళు పెరగలేదు, అనుమానించాల్సిన మొహం మాత్రం ఒకటి పెరిగింది.

ఇద్దరు మాఫియాతో అయితే ఏడుగురికి 23 శాతం, ఎనిమిదిమందికి 16, తొమ్మిదిమందికి 30. అంటే ఇద్దరు మాఫియాతో ఎనిమిదిమందిని కూర్చోబెడితే ఊరి మీద పగబట్టినట్టే. నిజమైన ఆటలో జనం గుడ్డిగా ఓటెయ్యరు, పోలీసు ఉంటాడు, అంకెలు మారతాయి. అయినా ఏ వైపు మొగ్గు ఉందో ఈ లెక్క చెబుతుంది. దీని మీద పెద్దవాళ్ళు పెద్ద లెక్కే చేశారు. బ్రేవర్‌మన్, ఎతెసామి, మోసెల్ 2008లో ప్రచురించిన పేపర్లో, పోలీసు లేని ఆటలో మాఫియా సంఖ్య మొత్తం జనాభాకి వర్గమూలం స్థాయిలో ఉంటే రెండు పక్షాలకీ గెలిచే అవకాశం నిలుస్తుందని తేల్చారు. పోలీసు ఉంటే మాత్రం మాఫియా జనాభాలో ఒక నిష్పత్తిగానే పెరగాలట. ఒక్క పోలీసు కార్డు బరువు అంత!

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. కాలేజీల్లో ఆట నడిపేవాణ్ణి గాడ్ అంటాం, గాడ్ రాగానే "రాత్రి అయింది, అందరూ కళ్ళు మూసుకోండి" అంటాడు. అంటే రాత్రితో మొదలు, ఒకరు నోరు తెరవకుండానే పోతారు. ఆ పోయేవాడు మొదటిసారి ఆడుతున్నవాడైతే ఇక మళ్ళీ రాడు. అందుకని షీట్లో ఇలా రాశా: మొదటి రాత్రి హత్య లేదు, పోలీసు చెక్ చెయ్యొచ్చు, పగటికి బేసి సంఖ్య కూర్చోవాలి. సరిసంఖ్యలో వస్తే ఒకరు గాడ్.

జూన్ చివర: బాబాయిని అనుమానించడం ఎలా

ఏ రూల్‌బుక్కులోనూ లేని కష్టం ఒకటి మా టేబుల్ దగ్గర ఉంది. మా పిన్ని కూతురు "బాబాయ్, నీ మీదే డౌటు" అని మొహమ్మీదే అనేస్తుంది. ఆఫీసు జూనియర్‌కి అది రాదు. బాబాయి మాఫియా అని స్పష్టంగా తెలిసిపోయిన ఆటలో కూడా, "సార్, ఏమనుకోకండి, ఊరికే అంటున్నా సార్, మీరు కొంచెం..." దగ్గర ఆగిపోయాడు. బాబాయి "చెప్పు నాయనా, పర్లేదు" అన్నాడు. అంతే, కుర్రాడు ఓటు ఇంకెవరికో వేసేశాడు. బాబాయి ఈ మర్యాదని పూర్తిగా వాడుకుంటాడు, అది వేరే సంగతి.

దీనికి మందు రష్యా వైపు నుంచి దొరికింది. అక్కడ స్పోర్ట్స్ మాఫియా అని టోర్నమెంట్ పద్ధతి ఉంది. పదిమంది కూర్చుంటారు, ఏడుగురు ఊరివాళ్ళు, అందులో ఒకరు షెరీఫ్ (మన పోలీసు), ముగ్గురు మాఫియా, అందులో ఒకరు డాన్ (వాళ్ళ నాయకుడు). ఎవర్నీ పేరు పెట్టి పిలవరు, కుర్చీ నంబరే పేరు. ఒక్కొక్కరికీ వరసగా ఒక నిమిషం మాట్లాడే టైము. మేం డిస్కార్డ్‌లో నిక్‌నేమ్ ముందు నంబరు పెట్టించాం. "నాలుగో నంబర్ మాఫియా అనుకుంటున్నా, ఎందుకంటే రెండో నంబర్‌ని కాపాడుతోంది" అని అదే జూనియర్ గడగడా చెప్పేశాడు. నాలుగో నంబర్ బాబాయే.

నిమిషం పద్ధతి ఇంకో మేలు చేసింది. వాయిస్ ఛానెల్‌లో గొంతు పెద్దదైనవాడిదే రాజ్యం. వరస ఉంటే ఎవరూ మధ్యలో దూరరు. పైగా మ్యూట్ తీయడానికి కొంచెం లేటైతే "ఏం ఆలోచిస్తున్నావ్, కథ అల్లుతున్నావా?" అనే గోల తగ్గింది. న్యూజెర్సీ వాళ్ళ నెట్ లాగ్‌కి పాపం చాలాసార్లు ఉరి పడింది. మొదటి రెండు మెట్లకీ నంబర్లు, నిమిషం తప్పనిసరి అని షీట్లో పెట్టేశా. పై మెట్లలో వద్దు, అక్కడ గుసగుసలే ఆట.

జులై మొదట్లో: స్పైఫాల్‌ని మన ఊళ్ళోకి దించడం

మొదటి మెట్టుకి స్పైఫాల్ ఖాయం. అందరికీ ఒకే చోటు పేరు వస్తుంది, ఒక్కరికి మాత్రం "నువ్వు గూఢచారివి" అని వస్తుంది. ఎనిమిది నిమిషాలు ఒకర్నొకరు ప్రశ్నలడుగుతారు. గూఢచారి చోటు కనిపెడితే వాడు గెలిచాడు, మిగతావాళ్ళంతా ఏకగ్రీవంగా వాణ్ణి పట్టుకుంటే వాళ్ళు గెలిచారు. మధ్యలో ఎవరూ ఔటవ్వరు, ఓడినా తొందరగా ఓడతారు.

అయితే అసలు జాబితాలో క్యాసినో, జలాంతర్గామి, ధ్రువాల్లో పరిశోధన కేంద్రం లాంటివి ఉన్నాయి. క్యాసినోలో ఏం అడగాలో మా పిన్నికి తెలియదు, నాకూ తెలియదు. అందుకని కొత్త జాబితా రాసుకున్నాం: రైతుబజారు, ఆర్టీసీ బస్టాండు, ఫంక్షన్ హాలు, తిరుమల క్యూ కాంప్లెక్స్, మీ సేవ, ఇరానీ కేఫ్, ఇంటర్ పరీక్ష సెంటర్, మెట్రో స్టేషన్, కల్లు దుకాణం, పాస్‌పోర్ట్ ఆఫీసు. ప్రశ్నలు ఒక్కసారిగా పదునెక్కాయి. "ఇక్కడ చెప్పులు వేసుకుని తిరగొచ్చా?" అని బావ అడిగితే "తిరగొచ్చు గానీ పక్కవాడు తొక్కుతాడు" అంది అక్క. ఆ జవాబు బస్టాండుకి సరిపోతుంది, రైతుబజారుకీ సరిపోతుంది. గూఢచారికి ఏమీ అందలేదు, మిగతావాళ్ళకి అక్క తమ మనిషేనని అర్థమైంది. మంచి జవాబంటే అది. అదే ప్రశ్నకి పిన్ని "కౌంటర్లో పెట్టి రావాలి కదా" అనగానే గూఢచారి ఆట ఆపి "తిరుమల" అని గెలిచేశాడు.

దగ్గర దగ్గర పోలికలున్న చోట్లు జాబితాలో ఉంటేనే ఆట పండుతుంది. మీ సేవ, పాస్‌పోర్ట్ ఆఫీసు రెండూ ఉంచింది అందుకే. కల్లు దుకాణం తీసెయ్యమని పిన్ని పట్టుబట్టింది, తీయలేదు.

జులై: అబద్ధం ఎవరిస్తారు

రెండో మెట్టులో అమాంగ్ అస్, పోలీసు డాక్టరు ఉన్న మాఫియా. వీటితోపాటు సీక్రెట్ హిట్లర్‌ని కూడా ఇక్కడే పెట్టా. దీని మీద గ్రూపులో గొడవైంది. బోర్డు ఉంది, చట్టాలున్నాయి, అధ్యక్షుడు, ఛాన్సలర్, వీటో... రెండో మెట్టు ఎలా అవుతుందన్నారు. నా వాదన ఇది. కొత్తవాడికి భయం రూల్స్ గురించి కాదు, దుర్మార్గుల పక్షం కార్డు వస్తే ఏం చెప్పాలన్నదాని గురించి. అమాంగ్ అస్ అంతరిక్ష నౌకలో పనులు చేసుకునేవాళ్ళ మధ్య హంతకులు దాక్కునే వీడియో గేమ్, అక్కడ "ఎలక్ట్రికల్‌లో వైర్లు కలుపుతున్నా" అంటే సరిపోతుంది, ఆ వాక్యం ఆటే నేర్పిస్తుంది. సీక్రెట్ హిట్లర్‌లో లిబరల్స్ మధ్య దాక్కున్న ఫాసిస్టులు తమ చట్టాలు అమలయ్యేలా చూస్తారు. 17 చట్టాల కార్డుల్లో 11 ఫాసిస్టువి, 6 లిబరల్‌వి. అధ్యక్షుడు మూడు తీసి ఒకటి పారేస్తాడు, మిగతా రెండిట్లోంచి ఛాన్సలర్ ఒకటి అమలు చేస్తాడు. "నాకు మూడూ ఫాసిస్టువే వచ్చాయి, నేనేం చెయ్యను?" అన్నది ఆటే చేతికిచ్చే అబద్ధం. మొదటి మూడు కార్డులూ నిజంగా అలా వచ్చే అవకాశం 24 శాతం, అంటే ఎవరూ గట్టిగా కొట్టిపారెయ్యలేరు. చేతిలో రెడీమేడ్ అబద్ధం ఉన్నవాడికి టెన్షన్ సగం తగ్గుతుంది.

అవలాన్ చూడటానికి దీనికంటే చిన్న ఆట. కానీ మెర్లిన్ కార్డు ఉన్న అవలాన్ని మూడో మెట్టు కింద పెట్టలేను. ఏడుగురం ఆడిన ఆట ఒకటి చెప్పాలి. నలుగురు మంచివాళ్ళు, ముగ్గురు చెడ్డవాళ్ళు. ప్రతి మిషన్‌కీ ఓటేసి ఒక టీమ్‌ని పంపుతారు, టీమ్‌లో దూరిన చెడ్డవాళ్ళు దాన్ని చెడగొట్టొచ్చు. మొదటిసారి ఆడుతున్న అక్కకి మెర్లిన్ వచ్చింది. చెడ్డవాళ్ళు ముగ్గురూ ఎవరో ఆమెకి తెలుసు, కానీ ఆ తెలుసన్న సంగతి బయటపడకూడదు. మంచివాళ్ళు మూడు మిషన్లు గెలిచినా, చివర్లో హంతకుడు మెర్లిన్‌ని సరిగ్గా చూపిస్తే మొత్తం ఆట వాళ్ళదే. మేం మూడు మిషన్లూ గెలిచాం. హంతకుడు మా బావ. ఏమాత్రం తడుముకోకుండా "అక్కే" అన్నాడు. ఎలా అంటే, టీమ్ ఓటింగ్ అప్పుడు చెడ్డవాళ్ళున్న ప్రతి టీమ్‌కీ అందరికంటే ముందు అక్క నుంచే రిజెక్ట్ పడింది, బావ ఛాట్‌లో టైములు చూసుకున్నాడు. "తెలిసింది చెప్పొద్దు, తెలియనట్టు ఓటెయ్యాలి, మరి నేనెందుకు ఉన్నట్టు?" అని అక్కకి కోపం వచ్చింది.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. అబద్ధం చెప్పడం కంటే, తెలిసిన నిజాన్ని కొంచెం కొంచెంగా జారవిడవడం కష్టం. పైగా ఆ పని పంపకంలో ఎవరికి పడుతుందో మన చేతిలో లేదు. కాబట్టి లెవెల్ ఆటకి కాదు, సెటప్‌కి ఇవ్వాలని అప్పుడే తేల్చుకున్నా. అవలాన్ అని ఒకే వరస ఉండదు. ప్రత్యేక పాత్రలు లేకుండా, అంటే దాని ముందు రూపమైన రెసిస్టెన్స్‌లా ఆడితే రెండో మెట్టు. మెర్లిన్, హంతకుడు చేరితే మూడు. పెర్సివల్, మోర్గానా, మోర్డ్రెడ్ అనే పాత్రలు కూడా చేరితే మూడున్నర, షీట్లో అలాగే రాసి ఉంది, ఎవరైనా నవ్వుకోవచ్చు. మాఫియాకి కూడా ఇదే పద్ధతి. షీట్లో వరసలు దాదాపు రెట్టింపయ్యాయి, కానీ వెతకడం తేలికైంది.

ఓటింగ్‌కి ఇప్పుడు అందరూ గాడ్‌కి ప్రైవేటుగా మెసేజ్ పెడతారు, అన్నీ వచ్చాక ఒకేసారి చూపిస్తాం. బావకి ఇది నచ్చలేదు.

ఆగస్టు: చిన్న ఆటే పెద్ద చిక్కు

నాలుగో మెట్టు దగ్గర అందరి అంచనా తిరగబడింది. వన్ నైట్ అల్టిమేట్ వేర్‌వుల్ఫ్ ఒకే రాత్రి, ఒకే పగలు, పది నిమిషాల ఆట. బ్లడ్ ఆన్ ద క్లాక్‌టవర్ గంటకి పైగా నడుస్తుంది, కొత్తవాళ్ళ కోసమని పెట్టిన ట్రబుల్ బ్రూయింగ్ అనే స్క్రిప్టులోనే (అంటే పాత్రల జాబితాలోనే) 22 పాత్రలున్నాయి. ఎవర్నడిగినా మొదటిది తేలిక, రెండోది కష్టం అంటారు.

కొత్తవాళ్ళని రెండిట్లోనూ కూర్చోబెట్టి చూస్తే అలా లేదు. వన్ నైట్‌లో దొంగ నా కార్డు మార్చుకుపోవచ్చు, అల్లరివాడు ఇద్దరి కార్డులు తారుమారు చెయ్యొచ్చు. పొద్దున్న లేచేసరికి నేను తోడేలుగా పడుకున్నానని తెలుసు, ఇప్పుడు కూడా తోడేలునేనా అన్నది తెలియదు. ఏ పక్షమో తెలియకుండా ఏ అబద్ధం చెప్పాలి? అది తేలేలోపే టైమ్ అయిపోతుంది. పాతవాళ్ళకి ఇది పండగ, కొత్తవాళ్ళకి పది నిమిషాల అయోమయం.

క్లాక్‌టవర్‌లోనూ మోసం ఉంది. తాగుబోతు పాత్ర వచ్చినవాడికి తాను తాగుబోతునని తెలియదు, వేరే మంచి పాత్రననే అనుకుంటాడు. విషం పెట్టేవాడు రాత్రికొకరి సమాచారాన్ని పాడుచేస్తాడు. కానీ టైము ఉంది. పక్క ఛానెల్‌లోకి వెళ్ళి ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవచ్చు. రూల్ అర్థం కాకపోతే కథ నడిపేవాణ్ణి విడిగా అడగొచ్చు. ముఖ్యంగా, చచ్చిపోయినవాళ్ళు ఆటలోనే ఉంటారు, మాట్లాడతారు, వాళ్ళకి చివరి ఓటు ఒకటి మిగిలి ఉంటుంది. మొదటి రాత్రుల్లోనే పోయిన జూనియర్ ఒకడు ఆ ఓటు దాచుకుని దాచుకుని ఆఖరి పగలు వేసి రాక్షసుణ్ణి (ఇందులో ఊరు పట్టుకోవాల్సిన పాత్ర) పట్టించాడు. ఆ తర్వాత వారం నుంచి అందరికంటే ముందు వాడే వస్తున్నాడు.

అందుకని ట్రబుల్ బ్రూయింగ్‌ని మూడో మెట్టుకి దించి, వన్ నైట్‌ని నాలుగుకి ఎక్కించా. అయితే క్లాక్‌టవర్‌లో బరువంతా నడిపేవాడి మీద పడుతుంది. ఎవరికి ఏ తప్పుడు సమాచారం ఇవ్వాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. షీట్లో ఆడేవాళ్ళ బరువు, నడిపేవాళ్ళ బరువు అని రెండు కాలమ్‌లు విడదీశా. ఈ రెండో కాలమ్ వల్లే సెక్ట్స్ అండ్ వయొలెట్స్ స్క్రిప్టు ఇంకా ముట్టుకోలేదు, మా గ్రూపులో దాన్ని నడిపేంత ఓపిక ప్రస్తుతానికి ఎవరికీ లేదు.

ఆగస్టు చివర: పేర్లు, ఫారం

మెట్లకి మొదట ఎల్‌కేజీ, టెన్త్, ఇంటర్, ఎంసెట్ అని పేర్లు పెట్టాం. నవ్వులాటకి బాగుంది గానీ ఎల్‌కేజీ రూములో కూర్చోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా సరాసరి ఇంటర్‌కి చేరిపోయారు. ఇప్పుడు పేరే పని చెబుతుంది: "అడిగితే చాలు", "ఒక్క అబద్ధం", "తెలిసినా చెప్పలేం", "కార్డునే నమ్మలేం".

రిజిస్ట్రేషన్ ఫారంలో "మీ లెవెల్ ఎంత?" తీసేశా. లాక్‌డౌన్‌లో అమాంగ్ అస్ ఆడిన ప్రతివాడూ ప్రో అని రాస్తున్నాడు. ఇప్పుడు అడిగేవి వేరు. నోరు తెరిచి అబద్ధం చెప్పాల్సిన ఆట ఆడారా? తెలిసింది దాచాల్సిన పాత్ర వచ్చిందా? ఔటయ్యాక ఎంతసేపు కూర్చోగలరు? ఈ మూడో ప్రశ్నకి "అస్సలు కూర్చోలేను" అన్నవాళ్ళని, ఎంత అనుభవం ఉన్నా, మాఫియా టేబుల్‌కి పంపను.

పాతవాళ్ళని ఏం చెయ్యాలన్నది సగమే తేలింది. కొత్తవాళ్ళ టేబుల్‌లో కూర్చోబెడితే తొందరగా గెలిచేస్తారు, పక్కన సలహాదారుగా పెడితే ఆట మొత్తం వాళ్ళే ఆడేస్తారు. గాడ్‌గా పెడితే మాత్రం కుదురుగా ఉంటున్నారు. మెర్లిన్ సెటప్‌కి ముందు కార్డులన్నీ తెరిచిపెట్టి ఒక మిషన్ నమూనాగా ఆడించే పని బావకి అప్పగించాం. హంతకుడు ఏం గమనిస్తాడో అతనికంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మిగిలినవి: రోజుల తరబడి ఛాట్‌లో రాస్తూ ఆడే మాఫియాకి షీట్లో చోటు వెతకాలి. దాని కష్టం మెట్లది కాదు, రోజూ చదివే తీరికది, కాబట్టి వేరే ట్యాబ్. స్పైఫాల్ జాబితాలో అమెరికా, లండన్ వాళ్ళు అడిగిన ఇండియన్ గ్రాసరీ స్టోర్, గుడి పార్కింగ్ చేర్చాలి. ఈ శనివారానికి "ఒక్క అబద్ధం" టేబుల్‌కి తొమ్మిదిమంది పేర్లిచ్చారు. పదో మనిషి వస్తే నేను గాడ్.